లినక్స్ సముదాయాలు ఎలా నిలబడతాయి? డెబియన్ నుంచి ‘స్వేచ్ఛ’ వరకు, హోప్ టౌన్ నుంచి చూస్తే

దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక్క సంఘటనతోనే ముడిపడి ఉంది. 1872 ఫిబ్రవరి 8న అక్కడి జెట్టీ దగ్గర వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ పొడిచి చంపాడు. ఈ తరానికి ఆ ప్రాంతం గురించి చెప్పుకోవాల్సిన తేదీ మరొకటి ఉంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 1,224 కోట్ల రూపాయల ఖర్చుతో వేసిన ఆ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌ను, మరో ఏడు దీవులను ప్రధాన భూభాగంతో కలిపింది. అంతకుముందు దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడి నడిచేది. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనే పరిస్థితి అలా ఉంటే, నౌకాశ్రయానికి అవతలి ఒడ్డున ఉన్న ఊళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ దీవుల్లో తెలుగు చిన్న భాషేమీ కాదు. 2011 జనగణన ప్రకారం సుమారు 3.8 లక్షల జనాభాలో 13 శాతం మందికి తెలుగే మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తే, లినక్స్ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఈ హక్కు కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజినీరుకు ఎంత ఉందో, హోప్ టౌన్‌లో ఉన్న తెలుగు విద్యార్థికీ అంతే ఉంది. మరి అవకాశం? అది కోడ్ మీద కంటే, ఆ కోడ్ చుట్టూ ఉన్న మనుషుల మీద, వాళ్లు ఏర్పరచుకున్న పద్ధతుల మీద ఆధారపడుతుంది. అందుకే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ‘కమ్యూనిటీ’ అనే మాట అంత తరచుగా వినిపిస్తుంది. ఆ సముదాయాలు ఎలా పుడతాయి, ఎలా నడుస్తాయి, ఎక్కడ దెబ్బతింటాయి, తెలుగువాళ్ల అనుభవం ఏం చెబుతోంది అన్నది ఈ వ్యాసం విషయం.

లైసెన్సుతో మొదలు

1983 సెప్టెంబరులో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రాజెక్టును ప్రకటించారు. వాడుకరికి సోర్స్ కోడ్ చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ ఉండే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేయడం దాని ఉద్దేశం. ఆ స్వేచ్ఛకు చట్టపరమైన రూపం 1989లో వచ్చిన జనరల్ పబ్లిక్ లైసెన్స్, అంటే జీపీఎల్. ఈ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామును మార్చి ఇతరులకు ఇచ్చేవాళ్లు, తాము చేసిన మార్పుల సోర్స్ కోడ్‌ను కూడా అదే షరతుతో ఇవ్వాలి. పదిమందీ కలిసి చేసిన పనిని ఒక్కరు సొంతం చేసుకోకుండా అడ్డుపడే నిబంధన ఇదే.

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. మొదట అతను పెట్టిన లైసెన్సు ప్రకారం లినక్స్‌ను డబ్బు తీసుకుని పంచిపెట్టకూడదు. 1992లో దాన్ని జీపీఎల్‌కు మార్చాడు. ఫ్లాపీలకు, పంపిణీకి అయ్యే ఖర్చును రాబట్టుకునే వీలు చిక్కడంతో లినక్స్ చేతులు మారడం సులువైంది.

అయితే లినక్స్ అంటే నిజానికి కెర్నెల్ మాత్రమే. హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య నిలబడే భాగం అది. దానికి గ్నూ పరికరాలు, డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ ప్రోగ్రాములు జోడించి, అన్నీ ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసేలా కూర్చి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. డెబియన్, ఫెడోరా, ఉబుంటు అలాంటివే. వేలాది మంది వేర్వేరుగా రాసిన ప్రోగ్రాములను ఒకచోట చేర్చాలంటే కోడ్ రాసేవాళ్లు ఒక్కళ్లే సరిపోరు. ప్యాకేజీలు కట్టేవాళ్లు, బగ్‌లు పరీక్షించేవాళ్లు, అనువాదకులు, సహాయపత్రాలు రాసేవాళ్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు, కొత్తవాళ్ల సందేహాలు తీర్చేవాళ్లు, అందరూ కావాలి. వీళ్లలో చాలామందికి జీతం ఉండదు. ఒకరిపై ఒకరికి అధికారమూ ఉండదు. మరి పని ఎలా సాగుతుంది?

రాజ్యాంగం రాసుకున్న ప్రాజెక్టు

ఈ ప్రశ్నకు అందరికంటే వివరంగా జవాబు రాసుకున్న ప్రాజెక్టు డెబియన్. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రకటించారు. 1997లో సభ్యులు ‘సామాజిక ఒప్పందం’ ఆమోదించారు. డెబియన్ ఎప్పటికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుందని, లోపాలను దాచబోమని, వాడుకరులకూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ ప్రాధాన్యం ఇస్తామని అందులో మాట ఇచ్చారు. 1998లో రాజ్యాంగం కూడా రాసుకున్నారు. దాని ప్రకారం ఏటా నాయకుడి ఎన్నిక జరుగుతుంది. అభ్యర్థులు ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి, సభ్యుల ప్రశ్నలకు బహిరంగంగా జవాబివ్వాలి. గెలిచిన నాయకుడైనా ఎవరికీ ఫలానా పని చేయమని ఆజ్ఞ వేయలేడు. తన ప్యాకేజీ విషయంలో నిర్ణయం ఆ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్‌దే. వివాదం తేలకపోతే సాంకేతిక సంఘం చూస్తుంది. అదీ చాలకపోతే సభ్యులందరూ ఓటు వేస్తారు.

సభ్యత్వం దొరకడం కూడా తేలిక కాదు. కొంతకాలం పనిచేసి చూపించాలి, ప్రాజెక్టు విలువలు అర్థమయ్యాయని నిరూపించాలి. డిజిటల్ తాళంచెవి ఆ మనిషిదేనని ఇప్పటికే సభ్యులైనవాళ్లు సంతకం చేసి ధ్రువీకరించాలి. సాధారణంగా ఇది ఎదురెదురుగా కలిసినప్పుడు జరుగుతుంది. అందువల్ల వార్షిక సమావేశాలు ఈ వ్యవస్థలో భాగమయ్యాయి. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం తొలిసారి భారత్‌లో, కొచ్చిలో జరిగింది. తెర మీద పేర్లుగానే తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తే, ఆ తర్వాత రాతలో వచ్చే తగాదాల తీవ్రత తగ్గుతుందని చాలా ప్రాజెక్టులు నమ్ముతాయి.

అలాగని రాజ్యాంగం ఉంటే గొడవలు రావనుకోవడం పొరపాటు. కంప్యూటర్ ఆన్ కాగానే సేవలను ప్రారంభించే ‘సిస్టమ్‌డీ’ని ప్రధానంగా వాడాలా వద్దా అన్న విషయంలో 2014లో డెబియన్ రెండుగా చీలినంత పని అయింది. సాంకేతిక సంఘం స్వల్ప తేడాతో దాన్ని ఎంచుకుంది. తర్వాత ఓటింగు కూడా జరిగింది. ఒప్పుకోనివారిలో కొందరు బయటికి వెళ్లి ‘డెవువాన్’ పేరుతో వేరే డిస్ట్రిబ్యూషన్ మొదలుపెట్టారు. అయినా అసలు ప్రాజెక్టు కూలిపోలేదు. నిర్ణయం నచ్చనివాళ్లకు కూడా అది ఏ దారిలో వచ్చిందో స్పష్టంగా కనిపించడం దానికి ఒక కారణం.

మాటతీరు ఎందుకు నియమమైంది?

లినక్స్ ప్రపంచానికి ఒకప్పుడు కరకు మాటల పేరు ఉండేది. తప్పు కోడ్ పంపినవాళ్లను అందరి ముందూ చీల్చి చెండాడటం నాణ్యతకు గుర్తు అన్నట్టు సాగేది. దాని వల్ల నష్టపోయింది ఎవరు? మందచర్మం లేనివాళ్లు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు, మొదటిసారి పని పంపినవాళ్లు. అప్పటికే తక్కువగా ఉన్న మహిళలు. వాళ్ల భాగస్వామ్యం పెంచేందుకు 2004లో ‘డెబియన్ విమెన్’ బృందం ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన ఉబుంటు మొదటి నుంచే ప్రవర్తనా నియమావళితో బయలుదేరింది. ఫెడోరా తన విలువలను నాలుగు మాటల్లో చెప్పుకుంది: స్వేచ్ఛ, స్నేహితులు, సౌకర్యాలు, అందరికంటే ముందుండటం.

కెర్నెల్ ప్రాజెక్టు మారడానికి మరికొంత కాలం పట్టింది. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన మాటతీరు కొందరిని గాయపరిచిందని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పని నుంచి తప్పుకున్నారు. అదే సమయంలో కెర్నెల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. ఇది కోడ్ నాణ్యతను దెబ్బతీస్తుందని అప్పట్లో కొందరు ఆందోళన పడ్డారు. కానీ నియమావళి కోరేది తప్పును తప్పు అనవద్దని కాదు. తప్పును విమర్శించమనీ, మనిషిని కించపరచవద్దనీ మాత్రమే.

మన దగ్గర ఈ విషయానికి మరో కోణం ఉంది. ఇక్కడి విద్యార్థి పెద్దవాళ్లను ప్రశ్నించకూడదన్న అలవాటులో పెరుగుతాడు. ఓపెన్ సోర్స్‌లోనేమో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడి కోడ్‌లో కూడా మొదటి సంవత్సరం విద్యార్థి తప్పు చూపించవచ్చు, చూపించాలి. బెరుకుతో ఊరుకునేవాళ్లను కూడా మాట్లాడించగలిగినప్పుడే సముదాయం పెరుగుతుంది.

తెలుగు దారి

తెలుగువాళ్ల విషయానికి వస్తే, కంప్యూటర్‌లో తెలుగు కోసం జరిగిన పని చాలావరకు సముదాయాల పనే. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, 1991లో, తెలుగు లిపికి చోటు దొరికింది. కానీ తెర మీద అక్షరాలు సరిగ్గా కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్లు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తర్వాత వచ్చిన అనేక తెలుగు టైపింగ్ సాధనాలకు అదే దారి చూపింది.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద అందుబాటులోకి వచ్చాయి. 2004లో రెడ్ హ్యాట్ విడుదల చేసిన లోహిత్ ఫాంట్లు లినక్స్‌లో భారతీయ భాషలకు ఆధారమయ్యాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, గిడుగు, సురవరం, మల్లన్న, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, టైపింగ్ కోసం వచ్చిన ‘లేఖిని’, ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదం, ఇవన్నీ ఒకే కాలపు ఉత్సాహం. ఒకచోట అనువాదం చేసినవాళ్లే మరోచోట వ్యాసాలు రాశారు.

2005లో హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ పేరుతో తెలుగు లినక్స్ వచ్చింది. కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, సీడీ నుంచే నేరుగా నడిపి చూసుకునే లైవ్ సీడీ రూపంలో విడుదలైంది. తర్వాత ఆ పేరే సంస్థ పేరుగా స్థిరపడింది. పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను కూడా వాళ్లే తెచ్చారు. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ‘గ్లగ్’లు, అంటే గ్నూ లినక్స్ వాడుకరుల బృందాలు పెట్టి, శిక్షణ శిబిరాలు నడిపారు. దేశవ్యాప్తంగా ఇలాంటి సంఘాలను కలిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ‘స్వేచ్ఛ’ భాగం. ఇటీవలి కాలంలో వేలాది విద్యార్థులతో తెలుగు కథలను డిజిటల్ రూపంలోకి తెచ్చి, ‘చందమామ కథలు’ పేరుతో తెలుగు భాషా నమూనాను తయారుచేయడంలోనూ ఈ సంస్థ పాలుపంచుకుంది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే సీడాక్ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. డెబియన్ ఆధారంగా, తెలుగుతో సహా భారతీయ భాషల కోసం రూపొందిన డిస్ట్రిబ్యూషన్ అది. రెడ్ హ్యాట్ వంటి కంపెనీలు జీతమిచ్చి తెలుగు అనువాదకులను పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. అంటే స్వచ్ఛంద కార్యకర్తలు, ప్రభుత్వం, కంపెనీలు మూడూ తెలుగు లినక్స్‌ను మోశాయి. వాళ్లలో ఏ ఒక్కరు తప్పుకున్నా ఆ బరువు మిగతావాళ్ల మీద పడింది.

దస్త్రమా, ఫైలా?

సంస్కృతి అనేది పెద్ద సిద్ధాంతాల్లోనే కాదు, చిన్న పదం దగ్గర కూడా బయటపడుతుంది. ‘ఫైల్’ను తెలుగులో ఏమనాలి? తెలుగు వికీపీడియా ‘దస్త్రం’ అంది. జనం నోట్లో నానింది ‘ఫైలు’. ‘సేవ్’ను ‘భద్రపరచు’ అనాలా, ‘సేవ్ చేయి’ అనాలా? ‘కీ’ని ‘మీట’ అంటే కొత్తవాళ్లకు అర్థమవుతుందా? ఒక బృందం సంస్కృత పదం వైపు, మరో బృందం వాడుక పదం వైపు మొగ్గితే, ఒకే డెస్క్‌టాప్‌లో రెండు ప్రోగ్రాములు ఒకే వస్తువును రెండు పేర్లతో పిలుస్తాయి. ఉమ్మడి పదకోశం లేని చోట ఈ గందరగోళం తప్పదు.

క్రియల దగ్గర మరో చిక్కు ఉంది. ‘తెరువు’ అనాలా, ‘తెరవండి’ అనాలా? మెనూలో ఉన్న మాట మనిషి యంత్రానికి చెప్పేది. అక్కడ ‘తెరువు’ సరిపోతుంది. యంత్రం మనిషికి చెప్పే మాట అయితే ‘సంకేతపదాన్ని ఇవ్వండి’ అనాలి. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే రూపం కాబట్టి, ఆ మాట తెర మీద ఎక్కడ కనిపిస్తుందో తెలియని అనువాదకుడు తరచూ తప్పులో కాలేస్తాడు.

విభక్తులది ఇంకో తలనొప్పి. ‘ఫలానాదాన్ని తొలగించు’ అనే వాక్యంలో ఫలానా స్థానంలో ఏ పేరు వస్తుందో ముందుగా తెలియదు. పేరు ఇకారంతో ముగిస్తే ‘ని’, ఉకారంతో ముగిస్తే ‘ను’ రావాలి. ప్రోగ్రాము రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదు. అనువాదకుడు వాక్యాన్నే తిప్పి రాసుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటే చూడండి. ‘ట్’కూ ‘వే’కూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టకపోతే వకారం కిందికి వెళ్లి ఒత్తుగా మారిపోతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంతో కూడిన ఒక అక్షర వరుస ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసి ప్రపంచ వార్త అయింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేసింది. ఓపెన్ సోర్స్‌లో అయితే అలాంటి లోపాన్ని తెలుగు తెలిసినవాళ్లే కనిపెట్టి, సరిచేసి పంపే వీలుంటుంది. అయితే ఆ పని చేసే తెలుగువాడు సముదాయంలో ఉండాలి.

వచ్చినవాళ్లు ఎందుకు వెళ్లిపోతారు?

తెలుగు స్థానికీకరణకు అసలు పరీక్ష కొత్తవాళ్లు రావడం కాదు, వచ్చినవాళ్లు ఉండటం. కళాశాల బృందాలు ఉత్సాహంగా మొదలవుతాయి. నాలుగేళ్లకు విద్యార్థులు ఉద్యోగాల్లో చేరతారు. పగ్గాలు అందుకునేవాళ్లను ముందుగా తయారుచేయకపోతే పాస్‌వర్డ్‌తో సహా బృందమే మాయమవుతుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. గ్నోమ్ డెస్క్‌టాప్ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది. ప్రతి వెర్షన్‌లో కొత్త వాక్యాలు చేరతాయి, పాతవి మారతాయి. విడుదలకు ముందు కొన్ని వారాల పాటు వాక్యాలను మార్చకుండా ఆపుతారు. ఆ గడువులోనే అనువాదకులు పరుగెత్తాలి. విడుదల ప్రకటనల్లో ఒక భాషను మద్దతు ఉన్న భాషగా లెక్కించడానికి గ్నోమ్ పెట్టుకున్న గీత 80 శాతం అనువాదం. అంటే ఒకసారి నూటికి నూరు శాతం చేసి వదిలేసిన భాష కూడా, కొన్ని వెర్షన్లు గడిచేసరికి సగం ఇంగ్లిష్, సగం తెలుగు మెనూలతో మిగిలిపోతుంది. అలాంటి తెరను చూసిన వాడుకరి ఇంగ్లిష్‌కే మారిపోతాడు. వాడేవాళ్లు తగ్గితే తప్పులు చెప్పేవాళ్లు ఉండరు. తప్పులు చెప్పేవాళ్లు లేకపోతే దిద్దేవాళ్లకూ ఆసక్తి పోతుంది.

పెద్ద ప్రాజెక్టులు కొత్తవాళ్ల కోసం తేలిక పనులను విడిగా గుర్తుపెట్టి ఉంచుతాయి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో భారతీయ విద్యార్థులు పెద్ద సంఖ్యలో పాల్గొంటున్నారు. కానీ స్టైపెండ్ ఆగాక ఎంతమంది మిగులుతారన్నది వాళ్లకు దొరికిన గురువును బట్టి ఉంటుంది. మొదటి ప్యాచ్‌కు రెండు రోజుల్లో జవాబు వచ్చినవాడికీ, రెండు నెలలు ఎదురుచూసినవాడికీ ఆ ప్రాజెక్టు మీద ఒకే అభిప్రాయం ఉండదు.

ఒంటరి మెయింటెయినర్, అర సెకను ఆలస్యం

సముదాయం బలహీనపడితే ఏమవుతుందో 2024లో ప్రపంచం చూసింది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన కంప్యూటర్‌లో రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం వెతికి, ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు సాధనంలో ఎవరో రహస్య ద్వారం పెట్టారని బయటపెట్టారు. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు దాదాపు అన్నింటిలో ఉండే సాధనం అది. డెబియన్, ఫెడోరాల పరీక్షా దశలోని వెర్షన్లలోకి ఆ కోడ్ అప్పటికే చేరింది. స్థిరమైన వెర్షన్లకు చేరకముందే దొరికిపోయింది.

ఇందులో సాంకేతిక నేర్పు కంటే భయపెట్టేది మనుషులతో ఆడిన ఆట. ఆ సాధనాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఒకే ఒక్క స్వచ్ఛంద మెయింటెయినర్. ఒక మారుపేరు వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపికగా మంచి పని చేసి నమ్మకం సంపాదించాడు. ఈలోగా మరికొన్ని పేర్లతో సందేశాలు వచ్చాయి. పని నెమ్మదిగా సాగుతోందని, బాధ్యత ఇంకొకరికి ఇవ్వాలని ఒత్తిడి తెచ్చాయి. అలసిపోయి ఉన్న మెయింటెయినర్ చివరికి ఆ వ్యక్తికి అధికారాలు ఇచ్చాడు.

కోడ్ అందరికీ కనిపిస్తోంది కాబట్టి తప్పులు వాటంతట అవే బయటపడతాయన్న నమ్మకానికి ఇది హెచ్చరిక. కనిపించడం వేరు, ఎవరైనా చూడటం వేరు. మెయింటెయినర్‌కు సాయం, విశ్రాంతి, అతన్ని సతాయించేవాళ్లను ఆపే నియమం, ఇవి మర్యాద కోసం పెట్టుకునే ఏర్పాట్లు మాత్రమే కాదు. కోట్లాది కంప్యూటర్ల భద్రత వాటి మీద ఉంది.

డబ్బు ఎవరిది, పేరు ఎవరిది?

పెద్ద లినక్స్ ప్రాజెక్టుల్లో కంపెనీల పాత్ర చాలా ఎక్కువ. కెర్నెల్‌కు వచ్చే మార్పుల్లో అధిక భాగం జీతం తీసుకునే ఇంజినీర్లు రాసినవే. ఇందులో తప్పు లేదు. కంపెనీ ఆలోచన మారిన రోజు ఏమవుతుందన్నదే ప్రశ్న. 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్, ఎంతోమంది సర్వర్లలో ఉచితంగా వాడుకుంటున్న సెంట్‌ఓఎస్ లినక్స్ 8కు మద్దతు 2021 చివరితో ఆగిపోతుందని ప్రకటించింది. అంతకుముందు 2029 దాకా ఉంటుందని వాడుకరులు అనుకున్నారు. నెలలు గడవకముందే అల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టుకొచ్చాయి. 2010లో ఫ్రాన్స్‌లో మాండ్రివా ఉద్యోగులను తొలగించినప్పుడు, బయటికొచ్చినవాళ్లు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి మాజియాను మొదలుపెట్టారు. అదే నెలలో ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయింది.

ఇలా విడిపోయి వేరే దారి పట్టడాన్ని ఫోర్క్ అంటారు. ఉమ్మడి కుటుంబంలో వేరు పడటం లాంటిదే. బాధ ఉంటుంది, పని రెట్టింపవుతుంది. కానీ వేరు పడే హక్కు ఉందన్న ఎరుకే పెద్దలను అదుపులో ఉంచుతుంది. ఆ హక్కును లైసెన్సు ఇస్తుంది. దాన్ని వాడుకునే బలం మాత్రం వెంట నడిచే మనుషుల నుంచే రావాలి.

దూరం ఒక్కటే అడ్డు కాదు

మళ్లీ దీవుల దగ్గరికి వద్దాం. ఇంటర్నెట్ అరుదుగా ఉన్న రోజుల్లో భారత్‌లో లినక్స్ ఎక్కువగా చేతుల మీదుగా పాకింది. పీసీ క్వెస్ట్, లినక్స్ ఫర్ యూ వంటి పత్రికలు సంచికతో పాటు సీడీలు ఇచ్చేవి. ఉబుంటు 2011 దాకా అడిగినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడికైనా సీడీలను ఉచితంగా పోస్టులో పంపింది. ఊళ్లో ఒక్కరికి సీడీ వస్తే పదిమంది కాపీ చేసుకునేవారు. అది చట్టవిరుద్ధం కాదు, ఆ సాఫ్ట్‌వేర్ ఉద్దేశమే అది. పెన్‌డ్రైవ్ కాలంలోనూ అదే పద్ధతి సాగింది.

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ నికోబార్ దీవులతో పాటు శ్రీలంకను కూడా ముంచెత్తింది. ఆ విపత్తు తర్వాత శ్రీలంక ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా కూడి ‘సహన’ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. తప్పిపోయినవాళ్ల వివరాలు, శిబిరాలు, సహాయ సామగ్రి లెక్కలు చూసుకోవడానికి. కోడ్‌ను అందరికీ వదిలేయడంతో తర్వాత వేరే దేశాల్లో వచ్చిన విపత్తుల్లో కూడా వాడారు. సామాజిక ప్రయోజనం ఉన్న ప్రాజెక్టులకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇచ్చే పురస్కారం 2006కు గాను ‘సహన’కు దక్కింది. అవసరం ఎవరిదో, పరిష్కారం రాసేది కూడా వాళ్లే కావచ్చనడానికి మన సముద్రం నుంచే వచ్చిన ఉదాహరణ ఇది.

2020లో కేబుల్ వచ్చాక హోప్ టౌన్ ప్రాంతంలో ఉన్న విద్యార్థికి ఫైలు దించుకోవడం పెద్ద సమస్య కాకపోవచ్చు. అయినా కొన్ని అడ్డంకులు మిగులుతాయి. నిర్ణయాలన్నీ వీడియో సమావేశాల్లో జరిగిపోయి, రాతలో ఏదీ మిగలకపోతే, నెట్ సరిగ్గా లేని రోజున అతను బయటివాడే. చర్చ అంతా ఇంగ్లిష్‌లోనే సాగితే తెలుగు బాగా తెలిసినవాళ్లు తెలుగు అనువాద బృందంలోనే వెనకబడతారు. సమావేశాలన్నీ హైదరాబాద్‌లోనో కొచ్చిలోనో అయితే ఓడకో విమానానికో డబ్బు కావాలి. అందుకే చాలా ప్రాజెక్టులు నిర్ణయాలను రాతపూర్వకంగా, అందరూ తర్వాత చదువుకునే చోట ఉంచాలని పట్టుబడతాయి. సమావేశాలకు ప్రయాణ ఖర్చులు ఇస్తాయి.

ఒక ప్రాజెక్టులో చేరే ముందు ఏం చూడాలి?

కొత్తగా చేరాలనుకునేవాళ్లు, కళాశాలలో బృందం పెట్టాలనుకునేవాళ్లు ఏ లినక్స్ ప్రాజెక్టునైనా కొన్ని ప్రశ్నలతో అంచనా వేయవచ్చు.

మొదటిది, నిర్ణయం ఎవరు, ఎలా తీసుకుంటారో ఎక్కడైనా రాసి ఉందా? రాయకపోతే అధికారం లేదని కాదు, అది ఎవరి దగ్గరుందో కనిపించడం లేదని అర్థం.

రెండోది, కొత్తవాళ్ల మొదటి ప్యాచ్‌కు, మొదటి అనువాదానికి ఎన్నాళ్లలో, ఏ స్వరంతో జవాబు వస్తోంది? పాత చర్చలు చదివితే ఇది పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడోది, ముఖ్యమైన పనులు ఎంతమంది చేతుల్లో ఉన్నాయి? ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరు జబ్బుపడితే ఏమవుతుంది?

నాలుగోది, కోడ్ కాని పనికి గౌరవం ఉందా? అనువాదకుడి పేరు, సహాయపత్రం రాసినవాళ్ల పేరు కృతజ్ఞతల్లో కనిపిస్తోందా? డెబియన్ 2010లో కోడ్ రాయకుండా ఇతర పనులు చేసేవాళ్లకు కూడా పూర్తి సభ్యత్వం ఇవ్వాలని ఓటు వేసి నిర్ణయించింది.

ఐదోది, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అది ఆగితే ప్రాజెక్టు పేరు, సర్వర్లు ఎవరి దగ్గర ఉంటాయి?

తెలుగు బృందాలకైతే మరో రెండు చేర్చుకోవాలి. ఉమ్మడి పదకోశం ఉందా? ఈ ఏడాది పట్టా పుచ్చుకుని వెళ్లేవాళ్ల పని వచ్చే ఏడాది ఎవరు చేస్తారు?

చివరి ప్రశ్నకు జవాబు ఉన్న బృందాలు తక్కువ. తెలుగు లినక్స్ 2005లో సీడీగా చేతికొచ్చింది. ఫాంట్లు ఉన్నాయి, కీబోర్డులు ఉన్నాయి, యూనికోడ్ ఉంది, ఇప్పుడు దీవుల దాకా కేబుల్ కూడా ఉంది. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, మిగిలిపోయిన వాక్యాల పట్టికను తెరిచి కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషి హైదరాబాద్‌లో ఉన్నా, హోప్ టౌన్‌లో ఉన్నా పని ఒకటే. అతను పంపినదానికి జవాబు ఇవ్వడానికి అవతల మరొకరు ఉండటమే సముదాయం.